వెనక పేజీ తలకిందులు ఎందుకవుతుంది? చిన్న పుస్తకాల ముద్రణలో మడత, అంచు, దిశ

కోనసీమలో ఇంట్లో పెద్దవారు కాలం చేస్తే, పెద్దకర్మ నాటికి వారి ఫొటో అట్ట మీద వేయించి, లోపల నాలుగు స్తోత్రాలు అచ్చు వేయించి, భోజనాలకు వచ్చిన బంధువులకు తలా ఒక ప్రతి చేతిలో పెట్టడం చాలా కుటుంబాల్లో ఉన్నదే. ఆ పది పన్నెండు రోజుల గడువులో ప్రూఫులు దిద్దుకుని ఆఫ్‌సెట్ ప్రెస్సుకు ఇచ్చి తెప్పించుకునే వ్యవధి దొరకదు కాబట్టి, వంద రెండు వందల ప్రతుల పని అమలాపురంలోనో, రావులపాలెంలోనో, పాలకొల్లులోనో ఉన్న జెరాక్స్ షాపుకే వెళుతుంది. గుడి కల్యాణోత్సవాల కార్యక్రమాల పుస్తకం, వ్రతకథల పుస్తకం, బడి పిల్లల వార్షిక సంచిక, భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద మేత లెక్కలు రాసుకునే పుస్తకం కూడా తక్కువ ప్రతులు కావలసినప్పుడు ఇదే దారిన తయారవుతాయి. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి, పక్కపక్కన రెండేసి పేజీలు రెండు వైపులా అచ్చు వేసి, మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొడితే ఏ5 పుస్తకం చేతికి వస్తుంది. వినడానికి ఇంత తేలికైన పనిలో కాగితం దండిగా వృథా అయ్యేది ముఖ్యంగా ఒక తప్పు వల్ల: ముందు వైపు చక్కగా పడిన కాగితం వెనక్కి తిప్పి చూస్తే అక్షరాలు తలకిందులుగా ఉంటాయి.

అలా జరిగినప్పుడు చేసే వైద్యం కూడా అందరికీ తెలిసిందే. సెట్టింగుల్లో పొడుగు అంచు అనే లాంగ్ ఎడ్జ్ ఉంటే పొట్టి అంచు అనే షార్ట్ ఎడ్జ్‌కు మారుస్తారు, షార్ట్ ఎడ్జ్ ఉంటే లాంగ్ ఎడ్జ్‌కు మారుస్తారు, అప్పటికీ కుదరకపోతే పేజీల క్రమాన్ని కదుపుతారు, చివరికి ఎలాగో కుదురుతుంది. ఎందుకు కుదిరిందో తెలియదు కాబట్టి మరో మిషన్ మీద, మరో ఫైలుతో పని పడినప్పుడు కథ మళ్ళీ మొదటికి వస్తుంది. నిజానికి ఇందులో ఊహించవలసినది ఏమీ లేదు. కాగితం ఏ అంచు మీద తిరగాలన్నది పుస్తకం మడతను బట్టి ముందే తేలిపోతుంది: మడత ఏ అంచుకు సమాంతరంగా ఉందో ఆ అంచు మీదే కాగితం తిరగాలి. మిగిలిన చిక్కంతా ఈ ఒక్క సంగతిని సాఫ్ట్‌వేరు ఒక పేరుతో, ప్రింటరును నడిపే డ్రైవరు ప్రోగ్రాము మరో పేరుతో పిలవడం వల్ల, ఒకచోట సరిచేసినదాన్ని ఇంకోచోట మళ్ళీ సరిచేయడం వల్ల పుడుతోంది.

ముందుగా జతల లెక్క

దిశ గురించి మాట్లాడే ముందు ఏ పేజీ పక్కన ఏ పేజీ పడుతుందో తెలిసి ఉండాలి. ఒక కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి 16 పేజీల పుస్తకానికి 4 కాగితాలు కావాలి. అన్నిటికన్నా బయట ఉండే కాగితం ముందు వైపు ఎడమ సగంలో 16, కుడి సగంలో 1 పడతాయి; దాని వెనక వైపు ఎడమన 2, కుడిన 15. రెండో కాగితం మీద ఒక వైపు 14, 3, మరో వైపు 4, 13. మూడో కాగితం మీద 12, 5, వెనక 6, 11. నట్టనడిమి కాగితం మీద 10, 7, వెనక 8, 9. పక్కపక్కన ఉన్న ఏ రెండు అంకెలు కూడినా 17 వస్తుంది, అంటే మొత్తం పేజీల కన్నా ఒకటి ఎక్కువ. ప్రతి వైపునా కుడి సగంలో బేసి సంఖ్యే ఉంటుంది. ఎన్ని పేజీల పుస్తకానికైనా ఈ రెండు గుర్తులతో జతలు సరిచూసుకోవచ్చు. 24 పేజీల పుస్తకమైతే ఏ జత కూడినా 25 రావాలి.

పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడకపోతే సాఫ్ట్‌వేరు తనంతట తానే ఖాళీ పేజీలు చేరుస్తుంది, సాధారణంగా చివరన చేరుస్తుంది. 14 పేజీల పుస్తకానికి అలా చేరిన 15, 16 పేజీల వల్ల వెనక అట్ట, దాని లోపలి వైపు రెండూ తెల్లగా మిగులుతాయి. కుటుంబసభ్యుల పేర్లు వెనక అట్ట మీద వేయించాలనుకున్నవారికి అవి లోపలి పేజీలో కనిపించి మనసు కష్టపడుతుంది. ఖాళీలు ఎక్కడ ఉండాలో ఫైలులోనే మనమే నిర్ణయించుకోవడం మంచిది. ముందు అట్ట లోపలి వైపు ఒకటి, వెనక అట్ట లోపలి వైపు ఒకటి తెల్లగా వదిలితే ఎవరికీ లోటుగా అనిపించదు.

చేతిలో కాగితంతో చూస్తే

ఇక దిశ సంగతి. దీన్ని తెర మీద చూసి అర్థం చేసుకోవడం కష్టం, చేతిలో కాగితంతో అయితే రెండు నిమిషాల పని. ఒక తెల్ల ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టండి. అప్పుడు 297 మిల్లీమీటర్ల పొడుగు అంచులు పైనా కిందా, 210 మిల్లీమీటర్ల పొట్టి అంచులు ఎడమా కుడీ ఉంటాయి. మధ్యలో మడత రావలసిన చోట నిలువుగా ఒక గీత గీసి, ఎడమ సగంలో 16, కుడి సగంలో 1 వేయండి. ఇప్పుడు పుస్తకంలో పేజీ తిప్పినట్టే కుడి చివరను పట్టుకుని ఎడమ వైపుకు తిప్పి పరచండి. పై అంచు పైనే ఉంది, కింది అంచు కిందనే ఉంది, కుడి సగం మాత్రం ఎడమకు వచ్చింది. ఈ వైపు ఎడమన 2, కుడిన 15 వేసి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే 1 వెనక 2, 16 వెనక 15 సరిగ్గా ఉంటాయి. కాగితం ఇక్కడ పొట్టి అంచుకు సమాంతరంగా తిరిగింది. షార్ట్ ఎడ్జ్ అంటే ఇదే.

మరో కాగితం తీసుకుని ముందు వైపు అలాగే 16, 1 వేయండి. ఈసారి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి అవతలకు తిప్పండి. పొడుగు అంచు మీద తిరగడమంటే ఇదే. ఇప్పుడు కుడి సగం కుడి వైపునే ఉండిపోయింది. ఈ స్థితిలో ఎడమన 2, కుడిన 15 వేశారంటే 1 వెనక 15 పడినట్టు. ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలా తెరిచి చూడండి: మొదటి పేజీ తిప్పగానే తలకిందులుగా ఉన్న 15 ఎదురవుతుంది.

ఈ పని అంతటిలోనూ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం ఇక్కడే ఉంది. అంచు తప్పితే ఒక్క దోషం కాకుండా రెండు దోషాలు కలిసి కనిపిస్తాయి, అక్షరాలు తలకిందులవుతాయి, పేజీ సంఖ్య కూడా తప్పుతుంది. రెండూ కలిసి కనిపించేసరికి చూసేవారికి మొత్తం అమరికే తప్పినట్టు అనిపిస్తుంది. అప్పుడు పేజీల క్రమం మార్చబోతారు. వెనక వైపు 2, 15 ఉన్న చోట 15, 2 అని మారిస్తే 1 వెనకకు 2 వస్తుంది కానీ తలకిందులుగానే ఉంటుంది. ఇప్పుడు నిజంగానే రెండు వేర్వేరు తప్పులు చేరాయి కాబట్టి ఏ ఒక్కటి సరిచేసినా రెండోది మిగులుతుంది. మొదట ఉన్న తప్పుకు అసలు మందు వెనక వైపు మొత్తాన్ని సగం చుట్టు తిప్పడం ఒక్కటే. దానితో అక్షరాలూ నిటారుగా నిలుస్తాయి, సంఖ్యలూ వాటి చోటికి వస్తాయి.

కనుక మొదటి కాగితం బయటికి రాగానే 1వ పేజీ వెనక ఏముందో చూస్తే రోగం తెలుస్తుంది. 16 పేజీల పుస్తకంలో 1 వెనక 15 తలకిందులుగా ఉంటే జతలు సరిగానే ఉన్నాయి, తిరిగిన అంచు ఒక్కటే తప్పు. 1 వెనక వేరే సంఖ్య నిటారుగా ఉంటే అంచు సరిగానే ఉంది, జతల క్రమమో కాగితాల వరుసో తప్పింది. 1 వెనక 2 తలకిందులుగా ఉంటే సాధారణంగా ఎవరో మధ్యలో క్రమాన్ని కదిపారని అర్థం. ఆ ఫైలును పక్కన పెట్టి అసలు ఫైలు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

మడత ఎటు, అంచు అటు

ఏ4 కాగితం పొడుగు వెడల్పుల నిష్పత్తి రెండు వర్గమూలం. అందువల్లే దాని పొడుగును సగం చేస్తే అదే ఆకారంలో 148, 210 మిల్లీమీటర్ల ఏ5 వస్తుంది, ఏ3ని సగం చేస్తే ఏ4 వస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సగం అయ్యేది ఎప్పుడూ పొడుగు వైపే కాబట్టి మడత గీత ఎప్పుడూ పొట్టి అంచుకే సమాంతరంగా ఉంటుంది. కాబట్టి ఈ పద్ధతిలో మధ్యకు మడిచే ఏ పుస్తకానికైనా, అది ఏ4 నుంచి ఏ5 అయినా ఏ3 నుంచి ఏ4 అయినా, షార్ట్ ఎడ్జే సరైనది. చెరువు గట్టు మీద మేత లెక్కలు రాసుకునే పుస్తకం అడ్డ పట్టికలతో, పైన కుట్టుతో, పేజీలు పైకి తిప్పేలా చేయించినా ఇదే వర్తిస్తుంది. ఆ పుస్తకానికి ఏ4 కాగితం నిలువుగా ఉంటుంది, మడత అడ్డంగా వస్తుంది, అయినా ఆ మడత 210 మిల్లీమీటర్ల అంచుకే సమాంతరం.

దీనికి మినహాయింపు సన్నని పొడుగాటి పుస్తకం. భోజన హోటళ్ళ ధరల పట్టికలా 105 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు రావాలని ఏ4ను నిలువునా మడిస్తే, మడత పొడుగు అంచుకు సమాంతరం అవుతుంది. అక్కడ లాంగ్ ఎడ్జ్ పెట్టాలి.

మరి ప్రింటర్లన్నీ మొదట లాంగ్ ఎడ్జ్‌తోనే ఎందుకు మొదలవుతాయి? ఆఫీసుల్లో జరిగే పనిలో ఎక్కువ భాగం నిలువు ఏ4 కాగితాలు, ఎడమ పక్కన పిన్ను. కుట్టు పడేది 297 మిల్లీమీటర్ల అంచు మీద కాబట్టి వాటికి అదే సరి. ఆ అలవాటు సెట్టింగును కదపకుండా మడత పుస్తకాన్ని పంపడం వల్లే మొదటి ప్రతి తలకిందులవుతుంది. విడి కాగితాలకు కూడా సూత్రం ఒకటే: మడత లేనప్పుడు పిన్ను పడే అంచును మడత అనుకోవాలి. అడ్డంగా ముద్రించిన పట్టికలకు ఎడమ పక్కన పిన్ను కొడితే షార్ట్ ఎడ్జ్, తల మీద పిన్ను కొడితే లాంగ్ ఎడ్జ్.

మన పూర్వుల గ్రంథాలు ఈ రెండో కోవకు చెందినవి. తాటాకు అడ్డంగా పొడుగ్గా ఉంటుంది. దాన్ని పొడుగు అంచు మీదుగా పైకి తిప్పి చదువుతారు. వెనక వైపు రాత ఆ తిప్పుడుకు నిటారుగా ఉండేలా రాస్తారు. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల తాళపత్రాలు భద్రపరిచి ఉన్నాయి. వాటిని చూసే అవకాశం దొరికినవారు, ఇవాళ ప్రింటరు పెట్టెలో కనిపించే లాంగ్ ఎడ్జ్ అనే మాట వెనక ఉన్న పని మన దగ్గర ఎంత పాతదో గమనించవచ్చు.

ఒకటే సంగతికి పలు పేర్లు

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. లాంగ్ ఎడ్జ్, షార్ట్ ఎడ్జ్ అన్న మాటలు కాగితం అంచులను చెబుతాయి; మీ పేజీ అడ్డమా నిలువా అన్నదానితో వాటికి సంబంధం లేదు. ప్రింటరుకు పేజీని వివరించే పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో ఈ పనికి డ్యూప్లెక్స్, టంబుల్ అని రెండు మీటలున్నాయి. డ్యూప్లెక్స్ వేస్తే రెండు వైపులా ముద్రణ జరుగుతుంది, దానికి తోడు టంబుల్ కూడా వేస్తే పొట్టి అంచు మీద తిరిగినట్టు. లినక్స్, మ్యాక్ వాడే కప్స్ ముద్రణ వ్యవస్థలో ఇవే టూ సైడెడ్ లాంగ్ ఎడ్జ్, టూ సైడెడ్ షార్ట్ ఎడ్జ్ అయ్యాయి. ఇంతవరకు గందరగోళం లేదు.

గందరగోళం ఎక్కడంటే, కొన్ని డ్రైవర్లు కాగితం అంచును వదిలేసి చదివేవారి చూపును బట్టి పేరు పెట్టాయి. పాత హెచ్‌పీ డ్రైవర్లలో ‘ఫ్లిప్ పేజెస్ అప్’ అని ఒక గడి ఉండేది. గోడ క్యాలెండరులా పేజీని పైకి తిప్పి చదువుకోవాలంటే దాన్ని టిక్కు పెట్టాలి. నిలువు పేజీకి అది పొట్టి అంచు అవుతుంది, అడ్డ పేజీకి పొడుగు అంచు అవుతుంది. అంటే అడ్డంగా పెట్టిన మడత పుస్తకానికి ఈ గడి ఖాళీగా ఉంచాలి. షార్ట్ ఎడ్జ్ అంటే పైకి తిప్పడమేనని గుర్తు పెట్టుకున్నవారు ఇక్కడ పొరబడతారు. ఏ మిషన్ ముందు కూర్చున్నా మొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఈ మాట కాగితాన్ని గురించి చెబుతోందా, పేజీని గురించి చెబుతోందా? కాగితాన్ని గురించి అయితే మడతకు సమాంతరంగా ఉన్న అంచును ఎంచుకోవాలి. పేజీని గురించి అయితే పుస్తకాన్ని చేత్తో ఎలా తిప్పుతామో ఆలోచించి ఎంచుకోవాలి.

రెండో మూలం రెట్టింపు దిద్దుబాటు. జతలు కట్టే పని, తిప్పే పని చేయగలిగినవి మూడు చోట్ల ఉన్నాయి: ఫైలును ముద్రణకు పంపే సాఫ్ట్‌వేరు, ప్రింటరు డ్రైవరు, పెద్ద మిషన్ల మీద ఉండే ప్యానెల్. అడోబ్ రీడరులో బుక్‌లెట్, లిబ్రె ఆఫీసులో బ్రోషర్, ఇన్‌డిజైన్‌లో ప్రింట్ బుక్‌లెట్, మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తున్న పేజ్‌మేకరులో బిల్డ్ బుక్‌లెట్ అన్నవి ఒకే కోవ పనిముట్లు. మ్యాక్ ముద్రణ పెట్టెలోనే బుక్‌లెట్ ఉంటుంది, చాలా మిషన్ల డ్రైవర్లలోనూ ఉంటుంది. రీడరులో బుక్‌లెట్ పెట్టి, డ్రైవరులో కూడా బుక్‌లెట్ పెడితే ఒకసారి జత కట్టినదాన్ని మళ్ళీ జత కట్టి, కాగితం ఒక్కో వైపు నాలుగేసి చిన్న పేజీలు పడతాయి. అది కంటికి కనిపించే తప్పు కాబట్టి వెంటనే దొరుకుతుంది. దొరకనిది తిప్పడంలో జరిగే తప్పు. లినక్స్ వాడేవారికి పరిచయమైన పీడీఎఫ్‌బుక్ అనే పనిముట్టు ప్రింటర్లు మొదట లాంగ్ ఎడ్జ్‌తో ఉంటాయన్న ఎరుకతో, వెనక వైపులన్నిటినీ తానే ముందుగా సగం చుట్టు తిప్పి పెడుతుంది. అలా తిప్పవద్దంటే షార్ట్ ఎడ్జ్ అని విడిగా చెప్పాలి. అలా ముందే తిప్పి ఉన్న ఫైలును, పుస్తకానికి షార్ట్ ఎడ్జే సరైనదని తెలిసిన షాపువారు షార్ట్ ఎడ్జ్‌తో కొడితే మళ్ళీ తలకిందులవుతుంది. అక్కడ ఇద్దరూ సరైన పనే చేశారు, ఇద్దరూ చేయడమే తప్పయింది.

అందుకని జతలు కట్టడం, తిప్పడం రెండూ ఒక్కచోటే చేయాలి, మిగతా చోట్ల ఏ మార్పూ లేకుండా వదలాలి. నా సలహా ఏమిటంటే, మీరు షాపుకు ఇచ్చే ఫైలు 1 నుంచి 16 దాకా వరుసగా ఒక్కో పేజీ ఏ5 సైజులో ఉన్న మామూలు పీడీఎఫ్ అయి ఉండాలి; జతలు కట్టే పని మిషన్ దగ్గర ఉన్నవారికి వదలాలి, వారి మిషన్ సంగతి వారికే తెలుసు కాబట్టి. వర్డ్ ఫైలుగానో, అను ఫాంట్లతో ఉన్న పేజ్‌మేకరు ఫైలుగానో పట్టుకెళితే అవతలి కంప్యూటరులో ఫాంటు లేకనో, వేరే వెర్షనుండో వరుసలు జారి 16 పేజీలు 17 అవుతాయి. అప్పుడు జతల లెక్కంతా కదిలిపోతుంది.

ఒక్క వైపే కొట్టే చిన్న ప్రింటరు మీద

ఊళ్ళలో చాలా షాపుల్లో, ఇళ్ళలో ఉండేవి ఒక్క వైపు మాత్రమే ముద్రించే చిన్న లేజరు ప్రింటర్లు. వాటి మీద ముందు వైపులన్నీ ఒకసారి కొట్టి, ఆ కట్టను చేత్తో తిప్పి మళ్ళీ ట్రేలో పెట్టి వెనక వైపులు కొట్టాలి. అడోబ్ రీడరులో ఇందుకే ముందు వైపులు మాత్రమే, వెనక వైపులు మాత్రమే అన్న ఎంపికలు ఉన్నాయి. ఈ పద్ధతిలో అంచును ఎంచుకునేది మిషన్ కాదు, మన చెయ్యి.

చిన్న ప్రింటర్లలోకి ఏ4 కాగితం పొట్టి అంచు ముందుగా వెళుతుంది. నిలువు పేజీ కొట్టినప్పుడు ఆ పొట్టి అంచు వైపే అక్షరాల తల ఉంటుంది. రెండో వైపు కూడా తల అదే అంచు వైపు ఉండాలి కాబట్టి రెండోసారి కూడా అదే అంచును ముందుకు పెట్టి, కాగితాన్ని బోర్లా తిప్పితే సరిపోతుంది. చేతికి అలవాటైన పద్ధతి ఇదే. మడత పుస్తకంలో అక్షరాల తల పొడుగు అంచు వైపు ఉంటుంది. రెండు వైపులా తల ఒకే పొడుగు అంచు వైపు ఉండాలి. అది జరగాలంటే, సాఫ్ట్‌వేరు రెండు వైపుల పేజీలనూ ఒకే దిశలో పంపుతున్నంత వరకు, మొదటిసారి ముందుగా లోపలికి వెళ్ళిన పొట్టి అంచు రెండోసారి వెనక ఉండాలి. అలవాటు కొద్దీ అదే అంచును మళ్ళీ ముందుకు పెడితే వంద ప్రతుల వెనక వైపులూ ఒకే తీరున పాడవుతాయి.

ట్రేలో అచ్చు పడే వైపు పైకి ఉండాలా కిందికి ఉండాలా అన్నది ప్రింటరును బట్టి మారుతుంది. దీనికి జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. మూడు తెల్ల కాగితాల మీద పెన్సిలుతో ఒక మూల 1, 2, 3 అని వేసి, అదే వైపు లోపలికి వెళ్ళే దిశలో బాణం గుర్తు గీసి, ఆ వరుసలోనే ట్రేలో పెట్టి, మూడు పేజీల ఫైలు ఏదైనా కొట్టండి. అచ్చు బాణం ఉన్న వైపు పడిందా అవతలి వైపు పడిందా, అక్షరాల తల బాణం మొన వైపు ఉందా పక్కకు ఉందా, ముందుగా లోపలికి లాగినది ఏ కాగితం అన్న మూడు సంగతులు తేలిపోతాయి. తేలినవాటిని ఒక చీటీ మీద రాసి ఆ ప్రింటరుకే అంటించి పెట్టుకుంటే ఆ షాపులో ఎవరు కూర్చున్నా పని ఆగదు.

కాగితాల వరుస మరో చిక్కు. లేజరు ప్రింటరు సాధారణంగా అచ్చు పడిన వైపు కిందికి ఉండేలా కాగితాలను బయటికి పేరుస్తుంది. మొదటి కాగితం అన్నిటికన్నా అడుగున, చివరిది అన్నిటికన్నా పైన ఉంటాయి. ఆ కట్టను అలాగే ట్రేలో పెడితే పై కాగితాన్ని, అంటే చివరి కాగితాన్ని, మిషన్ ముందు లాగుతుంది. దాని మీద 2, 15 పడితే నిటారుగానే ఉంటాయి కానీ 10, 7 ఉన్న కాగితం వెనక పడతాయి. ఇది పైన చెప్పిన రెండో కోవ తప్పు, అంచుకు దీనితో సంబంధం లేదు. వెనక వైపులను తిరగేసిన వరుసలో పంపడానికి చాలా ముద్రణ పెట్టెల్లో రివర్స్ అన్న గడి ఉన్నది ఇందుకే. వంద ప్రతులు కావాలంటే వంద ప్రతుల ముందు వైపులు ఒకేసారి కొట్టవద్దు. ఒక్క ప్రతి పూర్తిచేసి, మడిచి, చివరి దాకా తిప్పి చూసి, ఆ తరువాత ఒక్కో కాగితాన్ని వంద చొప్పున కొట్టుకుంటే మధ్యలో ఒక కాగితం ఇరుక్కున్నా మిగతా వరుస చెడదు.

ఇరుక్కోవడం గోదావరి జిల్లాల్లో నిజంగా ఉన్న బాధ. వానాకాలంలో విప్పి పెట్టిన కాగితం కట్ట చెమ్మ పీల్చుకుని అంచులు అలల్లా లేస్తాయి. లేజరు వేడికి ఒక వైపు ఆరి విల్లులా వంగుతుంది. అలా వంగిన కాగితాన్ని వేడి మీదనే రెండోసారి పంపితే రెండేసి కలిసి లోపలికి వెళతాయి. రెండు కాగితాలు కలిసి వెళ్ళిన చోటి నుంచి ఆ కట్టలో మిగిలిన ప్రతి కాగితం వెనకా అచ్చు ఒక కాగితం మేరకు జరుగుతుంది. కట్టను చల్లారనిచ్చి, వంపుకు ఎదురు వైపు కాసేపు బరువు పెట్టి, అంచులు విసనకర్రలా విప్పి సర్దాక పెట్టాలి. వాడని కాగితాన్ని దాని కవరులోనే ఉంచాలి.

మడత దగ్గర కాగితానికి ఒక గుణం ఉంది. మిల్లులో తయారయ్యేటప్పుడు పీచులు ఒక దిశలో సర్దుకుంటాయి, మామూలు ఏ4 కాగితంలో అవి ఎక్కువగా పొడుగు వైపుకే ఉంటాయి. మడత ఆ పీచులకు అడ్డంగా పడుతుంది కాబట్టి లోపలి పలుచని కాగితాలకు ఇబ్బంది లేకపోయినా, దళసరి అట్ట మడత దగ్గర పగులుతుంది. అట్టకు ముందుగా క్రీజింగ్, అంటే మడత గీత నొక్కు, వేయించుకోవాలి. పేజీలు పెరిగితే లోపలి కాగితాలు బయటికి తోసుకువస్తాయి. 80 జీఎస్‌ఎం కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, 64 పేజీల పుస్తకంలో 16 కాగితాలుంటాయి కాబట్టి నడిమి కాగితం బయటి కాగితం కన్నా సుమారు మిల్లీమీటరున్నర ముందుకు వస్తుంది. అంచు కోయించాలనుకుంటే పేజీ సంఖ్యలను బయటి అంచుకు మరీ దగ్గరగా పెట్టవద్దు.

ప్రెస్సుకు వెళ్ళినప్పుడు

ప్రతులు వేలల్లోకి వెళితే జెరాక్స్ షాపు చాలదు. 2015 జులైలో జరిగిన గోదావరి పుష్కరాలు పన్నెండేళ్ళకు 2027లో మళ్ళీ వస్తున్నాయి. స్నానవిధి, సంకల్పం, రేవుల వివరాలతో చిన్న పుస్తకాలు వేయించాలనుకునేవారు ఆఫ్‌సెట్ ప్రెస్సు మెట్లెక్కుతారు. అక్కడ ఒక పెద్ద కాగితానికి ఒక్కో వైపు ఎనిమిదేసి, మొత్తం 16 పేజీలు పడతాయి. దాన్నే ఒక ఫారం అంటారు. ఆ కాగితం మీద పేజీలు మొదటిసారి చూసేవారు కంగారు పడతారు. ఒక వైపు కింది వరుసలో ఎడమ నుంచి 4, 13, 16, 1 నిటారుగా ఉంటాయి, పై వరుసలో 5, 12, 9, 8 తలకిందులుగా ఉంటాయి. రెండో వైపు కింది వరుసలో 2, 15, 14, 3, పై వరుసలో తలకిందులుగా 7, 10, 11, 6. రెండు వరుసల తలలూ మధ్యలో కలుస్తాయి. సగం పేజీలు తలకిందులుగా ఉండటం ఇక్కడ తప్పు కాదు. మూడుసార్లు మడిచాక అన్నీ నిటారుగా నిలబడాలంటే అలాగే ఉండాలి. పక్కపక్క జతలు కూడితే ఇక్కడా 17 వస్తుంది, 1 వెనక 2, 8 వెనక 7 ఉంటాయి.

ఒకే ప్లేటుతో రెండు వైపులూ కొట్టేటప్పుడు కాగితాన్ని తిప్పడానికి ప్రెస్సులో రెండు పద్ధతులున్నాయి. మిషన్ గ్రిప్పర్ (కాగితాన్ని లోపలికి లాగే పట్టు) పట్టుకునే అంచు మారకుండా పక్కకు తిప్పడం ఒకటి, ఆ అంచే మారేలా ముందుకు వెనక్కు తిప్పడం మరొకటి. రెండో పద్ధతిలో కాగితం కోతలో ఉన్న కొద్దిపాటి తేడా కూడా ముందు వెనకల పొందికను చెడగొడుతుంది కాబట్టి, వీలైనంత వరకు మొదటిదాన్నే ఎంచుకుంటారు. ఇంట్లో చిన్న ప్రింటరు మీద మడత పుస్తకానికి మనం చేతితో చేసేది రెండో పద్ధతి. అందువల్ల అక్కడ ముందు వెనకల అచ్చు మిల్లీమీటరు అటూ ఇటూ కావడం సహజమే, అంచుల్లో ఆ మేరకు ఖాళీ వదులుకోవాలి.

ఈ ఫారాల అమరిక ప్రెస్సువారి పని. వారి మిషన్ సైజు, మడత యంత్రం, పేజీల సంఖ్య చూసుకుని వారే కడతారు. 96 పేజీల పుస్తకాన్ని ఆరు ఫారాలుగా విడగొట్టి కుట్టేటప్పుడు జతల మొత్తం ఫారం ఫారానికీ మారుతుంది. మొదటి ఫారంలో 17, రెండో ఫారంలో 49. కనుక ప్రెస్సుకు ఇచ్చే ఫైలులో ముందే జతలు కట్టి ఉండకూడదు, ఏ పేజీనీ తిప్పి ఉండకూడదు. పేజీలన్నీ వరుసగా, విడివిడిగా, నిటారుగా ఉన్న పీడీఎఫ్‌తో పాటు, మీరు ఇంట్లో మడిచి పేజీ సంఖ్యలు వేసిన తెల్ల కాగితాల నమూనా పుస్తకం ఒకటి కలిపి ఇవ్వండి. మొదటి ఫారం ప్రూఫు రాగానే దాన్ని మడిచి ఆ నమూనా పక్కన పెట్టి, సంతకం చేసే ముందు ఒక్కో పేజీ తిప్పి సరిపోల్చుకోండి.